నవ్వు వెనక ఆధారం: పార్టీ మీడియా అబద్ధాలపై అమెరికన్ వ్యంగ్యం

2003 ఆగస్టు 22న న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక పుస్తకాన్ని ఆపమంటూ ఫాక్స్ న్యూస్ వేసిన దావా విచారణకు వచ్చింది. పుస్తకం రాసింది ఆల్ ఫ్రాంకెన్ అనే హాస్యరచయిత. దాని పేరు ‘లైస్ అండ్ ద లయింగ్ లయర్స్ హూ టెల్ దెమ్’. పేరు కింద, మితవాదుల మీద ఇది ‘ఫెయిర్ అండ్ బ్యాలెన్స్‌డ్’ పరిశీలన అని మరో వరుస ఉంది. ఆ మాటలు తమ ఛానెల్ నినాదమనీ, ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించుకున్నామనీ, వాడుకునే హక్కు ఇంకెవరికీ లేదనీ ఫాక్స్ వాదించింది. దావా కాగితాల్లో ఫ్రాంకెన్‌ను మత్తులో ఉన్నవాడిలా, మతి తప్పినవాడిలా కనిపించే మనిషని కూడా రాసింది. ఈ కవరు చూసి, ఇందులో ఉన్నదానికి ఛానెల్ ఆమోదం ఉందని మామూలు పాఠకుడెవరైనా అనుకుంటారా అని జడ్జి డెన్నీ చిన్ అడిగితే హాల్లో నవ్వులు వినిపించాయి. దావాలో వాస్తవాల పరంగా గానీ, చట్టం పరంగా గానీ పస లేదని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. మూడు రోజులకు ఫాక్స్ దావా వెనక్కి తీసుకుంది. ఈలోగా ప్రచురణకర్తలు విడుదల తేదీని ముందుకు జరిపారు. పుస్తకం న్యూయార్క్ టైమ్స్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది.

ఈ కథను సాధారణంగా ఒక ఛానెల్ చేసుకున్న స్వయంకృతంగా చెబుతారు. నాకు మాత్రం ఇది ఒక పెద్ద ప్రశ్నకు మొదలుగా కనిపిస్తుంది. ఒక పార్టీకి కొమ్ముకాసే మీడియా అబద్ధమాడితే, దాన్ని వ్యంగ్యంతో ఎదుర్కొనే రచనను మనం ఎలా చదవాలి? నవ్వుకుని పక్కన పెట్టాలా, వార్తలా నమ్మాలా, ఇదీ మరో పక్షం ప్రచారమేనని అనుమానించాలా? ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో ఈ మూడూ జరిగాయి. పుస్తకాలు, టీవీ కార్యక్రమాలు, విశ్వవిద్యాలయాల పరిశోధనలు, కోర్టు తీర్పులు కలిపి చూస్తే నాకు ఒక కొలబద్ద దొరికింది. అతిశయోక్తి ఎక్కడ చేస్తున్నాడో పాఠకుడికి తెలిసేలా రాసేవాడు, ఎదుటివాడి మాటను చెక్కు చెదరకుండా మన ముందు పెట్టేవాడు నిజాయితీపరుడైన వ్యంగ్యకారుడు. ఈ రెండూ లేని వ్యంగ్యం ఎంత నవ్వించినా, తాను వెక్కిరిస్తున్న ఛానెల్ పద్ధతినే తానూ పాటిస్తోందని అర్థం.

ఈ వ్యంగ్యం పుట్టిన నేల గురించి కొంచెం చెప్పుకోవాలి. అమెరికాలో 1949 నుంచి ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ అనే నియమం ఉండేది. ప్రజలకు చెందిన గాలితరంగాల మీద లైసెన్సు తీసుకున్న రేడియో, టీవీ కేంద్రాలు వివాదాస్పద విషయాల్లో భిన్నమైన వాదనలకు చోటివ్వాలని దాని సారాంశం. 1987లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దాన్ని ఎత్తేసింది. మరుసటి ఏడాదే మితవాద వ్యాఖ్యాత రష్ లింబా రేడియో కార్యక్రమం దేశమంతా వినిపించడం మొదలైంది. రోజుకు మూడు గంటలు, ఒకే గొంతు, ఒకే పక్షం. 1996 అక్టోబరులో రూపర్ట్ మర్డోక్ డబ్బుతో, రోజర్ ఐల్స్ సారథ్యంలో ఫాక్స్ న్యూస్ ప్రారంభమైంది. ఐల్స్ అంతకుముందు నిక్సన్, రీగన్, సీనియర్ బుష్‌ల ఎన్నికల ప్రచారాల్లో పనిచేసిన మనిషి. నియమం ఎత్తేయడం వల్లే ఫాక్స్ పుట్టిందని చాలామంది అంటారు గానీ అది సరికాదు. ఆ నియమం కేబుల్ ఛానెళ్లకు వర్తించేది కాదు. దారి తెరుచుకుంది రేడియోకి. అక్కడ ఈ సరుకుకు ఎంత గిరాకీ ఉందో కేబుల్ వాళ్లు చూశారు.

ఆ గిరాకీ ఫలితమేమిటో 2003లో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరికాయి, సద్దాంకూ అల్‌ఖైదాకూ సంబంధం ఉన్నట్టు రుజువైంది, ప్రపంచ ప్రజాభిప్రాయం అమెరికా యుద్ధానికి అనుకూలంగా ఉంది అనే మూడు అపోహల్లో కనీసం ఒకటైనా ఉన్నవాళ్లెందరని వాళ్లు అడిగారు. ప్రధానంగా ఫాక్స్ చూసేవాళ్లలో 80 శాతం, అప్పట్లో ప్రభుత్వ సాయంతో నడిచిన ఎన్‌పీఆర్, పీబీఎస్ వార్తలు వినేవాళ్లలో 23 శాతం. ఛానెల్ వల్ల అపోహ వచ్చిందా, అపోహ ఉన్నవాళ్లే ఆ ఛానెల్ పెట్టుకున్నారా అనేది ఈ లెక్క ఒక్కటే తేల్చదు. కానీ ఒక యుద్ధం విషయంలో ఒకే దేశ ప్రజలు రెండు వేర్వేరు ప్రపంచాల్లో ఉన్నారని మాత్రం చూపింది. అది నవ్వులాట వ్యవహారం కాదు. ఫ్రాంకెన్ పుస్తకం వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే.

ఆ పుస్తకాన్ని ఇవాళ తిరిగి చదివితే సగం జోకులు పాతబడ్డాయనిపిస్తుంది. పాతబడనిది దాని పనితీరు. ఆ వసంతంలో ఫ్రాంకెన్ హార్వర్డ్‌లోని షోరెన్‌స్టైన్ సెంటర్‌లో ఫెలోగా ఉన్నాడు. పద్నాలుగు మంది విద్యార్థులను పరిశోధకులుగా పెట్టుకుని, వ్యాఖ్యాతలు రాసిన ప్రతి పాదసూచికనూ మూలం దాకా వెంటాడించాడు. ఫాక్స్ వ్యాఖ్యాత బిల్ ఒరైలీ తన పాత కార్యక్రమం ‘ఇన్‌సైడ్ ఎడిషన్’కు పీబడీ అవార్డులు వచ్చాయని పదేపదే చెప్పుకునేవాడు. పీబడీ అంటే అమెరికన్ ప్రసార రంగంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటి. ఫ్రాంకెన్ విచారిస్తే పీబడీ రాలేదని తేలింది. వచ్చింది పోల్క్ అవార్డు, అదీ ఒరైలీ ఆ కార్యక్రమం వదిలి వెళ్లాక. ఇక్కడిదాకా ఇది చిన్న పొరపాటు. పెద్దమనిషి అయితే అవునండీ పొరబడ్డాను అని ఊరుకుంటాడు. అసలు కథ ఆ తర్వాతది. తాను పీబడీ వచ్చిందని ఎన్నడూ అనలేదని ఒరైలీ వాదించడం మొదలుపెట్టాడు. ఫ్రాంకెన్ అప్పుడు చేసిన పని, ఒరైలీ వేర్వేరు సందర్భాల్లో అన్న మాటలను యథాతథంగా ఒకదాని పక్కన ఒకటి పెట్టడం. వ్యాఖ్యానం పెద్దగా అక్కర్లేకుండానే విషయం బట్టబయలైంది. 2003 మే నెలాఖరున లాస్ ఏంజెలెస్ పుస్తక ప్రదర్శనలో ఇద్దరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. ఫ్రాంకెన్ ఈ పీబడీ వ్యవహారాన్ని సాగదీసి చెబుతుంటే ఒరైలీ నోరు మూసుకోమని గద్దించాడు. సీ-స్పాన్ ఛానెల్ దాన్ని దేశానికంతటికీ చూపించింది. ఫాక్స్ దావాకు అసలు బీజం అక్కడే పడిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు.

ఇంకో ఉదాహరణ నాకు ఇంతకంటే ముఖ్యం. మితవాద వ్యాఖ్యాత ఆన్ కోల్టర్ 2002లో రాసిన ‘స్లాండర్’ పుస్తకంలో న్యూయార్క్ టైమ్స్ మీద ఒక ఆరోపణ ఉంది. కార్ల పందేల వీరుడు డేల్ ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరి 18న పందెంలోనే చనిపోతే, సామాన్య జనం ఆరాధించే ఆ మనిషి మరణవార్తను టైమ్స్ రెండు రోజుల దాకా మొదటి పేజీలో వేయలేదని, ఉన్నతవర్గపు పత్రిక అహంకారానికి అదే సాక్ష్యమని ఆవిడ వాదన. మర్నాటి టైమ్స్ తీసి చూస్తే ఆ వార్త మొదటి పేజీలోనే ఉంది. అంతే. వాదనకు వాదన కాదు, తిట్టుకు తిట్టు కాదు. ఒక తేదీ, ఒక పేజీ. గ్రంథాలయానికి వెళ్లగలిగిన ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఆ పుస్తకం కొన్న లక్షలాది మందిలో ఎంతమంది సరిచూసి ఉంటారు? పుస్తకం చివర వందల కొద్దీ ఆధార సూచికలు ఉన్నాయంటే చాలు, పరిశోధన జరిగిందని నమ్మేస్తాం. పార్టీ మీడియా అబద్ధం ఎక్కువగా ఈ రూపంలోనే వస్తుంది. అచ్చమైన కల్పన తక్కువ. ఆధారంలా కనిపించే ఏర్పాటు ఎక్కువ. దాన్ని విప్పి చూపించాలంటే ఓపిక కావాలి, విద్యార్థులు కావాలి, ఫోన్లు చేయాలి. ఫ్రాంకెన్ పుస్తకంలో నవ్వు ఆ చాకిరీని చదివించడానికి వచ్చింది. చాకిరీ లేకుండా నవ్వు ఒక్కటే ఉంటే ఆ పుస్తకం ఎప్పుడో మరుగునపడేది.

అయితే ఇదే పుస్తకంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని అభిమానులు తేలిగ్గా దాటేస్తారు. ఫ్రాంకెన్ హార్వర్డ్ కేంద్రం లెటర్‌హెడ్ మీద అప్పటి అటార్నీ జనరల్ జాన్ యాష్‌క్రాఫ్ట్‌తో సహా పలువురు ప్రముఖులకు ఉత్తరాలు రాశాడు. పెళ్లిదాకా బ్రహ్మచర్యం పాటించమని యువతకు చెప్పే పుస్తకం రాస్తున్నానని, మీ అనుభవం పంచుకోమని అడిగాడు. అలాంటి పుస్తకమేదీ లేదు. తర్వాత క్షమాపణ చెప్పాడు. అబద్ధాలకోర్ల మీద పుస్తకం రాస్తూ ఒక సంస్థ పరువును అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పడం నాకు మింగుడుపడదు. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లకు అది వ్యంగ్యమని తెలిసే దారి లేదు. అధికారిక కాగితం, అధికారిక ముద్ర. నేను పైన చెప్పిన కొలబద్ద మీద ఫ్రాంకెన్ పీబడీ అధ్యాయం నిలుస్తుంది, ఈ ఉత్తరాలు నిలవవు. ఒకే పుస్తకంలో రెండూ ఉండటం పాఠకుడికి మేలే చేస్తుంది. రచయిత మన పక్షం కాబట్టి అన్నీ ఒప్పు అనుకునే అలవాటు నుంచి తప్పిస్తుంది. ఫ్రాంకెన్ తర్వాత మిన్నెసోటా సెనేటర్ అయ్యాడు, మహిళలతో అనుచితంగా ప్రవర్తించాడన్న ఆరోపణలతో 2018 జనవరిలో పదవి వదిలాడు. దాంతో పీబడీ అధ్యాయం తప్పైపోదు. ఆధారం మీద నిలబడిన రచనకు రచయిత శీలం మీద ఆధారపడాల్సిన పని లేదు.

ఈ పద్ధతికి మూలపురుషుడు అమెరికన్ కాదు. వియన్నాలో కార్ల్ క్రాస్ 1899లో ‘డీ ఫాకెల్’ అనే పత్రిక పెట్టి 1936లో చనిపోయేదాకా నడిపాడు. 1911 చివరి నుంచి దాన్ని ఒక్కడే రాశాడు. ఆయన ప్రధాన లక్ష్యం ఆనాటి పెద్ద పత్రిక నోయె ఫ్రయె ప్రెస్సె, దాని సంపాదకుడు మోరిట్జ్ బెనెడిక్ట్. క్రాస్ ఆయుధం ఉల్లేఖనం. పత్రికల్లోని వాక్యాలను కత్తిరించి, కొన్నిసార్లు ఒక్క మాట కూడా చేర్చకుండా, అచ్చు వేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఆయన రాసిన బృహన్నాటకం ‘మానవజాతి ఆఖరి దినాలు’లో చాలా భాగం పత్రికల నుంచీ ప్రకటనల నుంచీ ప్రసంగాల నుంచీ ఎత్తి పెట్టిందే. చంపుకుంటున్న సైనికులను చూసి ‘మీకెలా అనిపిస్తోంది’ అని అడిగే విలేఖరి పాత్ర అందులో ఉంది. ఆ పాత్రకు మూలం నిజమైన యుద్ధ విలేఖరి రాతలు. అదే 1911లో ఆర్థర్ షూట్జ్ అనే ఇంజనీరు నోయె ఫ్రయె ప్రెస్సెకు ఒక ఉత్తరం రాశాడు. భూకంపానికి అరగంట ముందే తన ప్రయోగశాలలో నిద్రపోతున్న ‘గ్రూబెన్‌హుండ్’ కలవరపడిందని అందులో ఉంది. ఆ పేరు వింటే కుక్క అనిపిస్తుంది. నిజానికి అది గనుల్లో బొగ్గు తోసే బండి. శాస్త్రీయ పదజాలం దండిగా ఉంది, కింద ఘనమైన సంతకం ఉంది, కాబట్టి పత్రిక అచ్చేసింది. ఇది ఫ్రాంకెన్ ఉత్తరాలకు దగ్గరగానే ఉంది, కానీ ఒక తేడా ఉంది. షూట్జ్ అబద్ధంలోనే దాని గుట్టు ఉంది. గని పని తెలిసిన ఎవరైనా చదవగానే నవ్వేస్తారు. సరిచూడాల్సిన వృత్తిలో ఉండి సరిచూడని పత్రిక మాత్రమే అందులో పడింది.

టీవీకి వచ్చాక ఈ ఉల్లేఖన పద్ధతి మరింత పదునెక్కింది. 1999 జనవరి నుంచి 2015 ఆగస్టు వరకు జాన్ స్టువర్ట్ నడిపిన ‘ద డైలీ షో’ అనే హాస్య కార్యక్రమంలో అత్యుత్తమ ఘట్టాలన్నీ ఒకే పద్ధతిలో సాగుతాయి. ఒక వ్యాఖ్యాత ఇవాళ అన్నది చూపిస్తారు. అదే వ్యాఖ్యాత తన పార్టీ అధికారంలో ఉన్నప్పుడో, లేనప్పుడో అన్నది పక్కనే చూపిస్తారు. మధ్యలో స్టువర్ట్ ముఖం. మన సినిమా వాళ్లు కామెడీ టైమింగ్ అంటారే, అది ఆ రెండు క్లిప్పుల మధ్య ఆగే ఆ క్షణంలో ఉంది. కానీ ఆ క్షణం వెనక ఉన్నది భద్రపరిచిన వీడియోల భాండాగారం, దాన్ని రోజంతా వెతికే బృందం.

2004 అక్టోబరు 15న స్టువర్ట్ సీఎన్ఎన్ వారి ‘క్రాస్‌ఫైర్’ కార్యక్రమానికి వెళ్లాడు. ఎడమ పక్షం నుంచి పాల్ బెగాలా, కుడి పక్షం నుంచి టకర్ కార్ల్‌సన్ రోజూ కలబడే చర్చ అది. తన కొత్త పుస్తకం గురించి మాట్లాడతాడని పిలిస్తే, ఆయన మీరు దేశానికి హాని చేస్తున్నారు, ఆపండి అని బతిమాలాడు. మీది చర్చ కాదు, పార్టీల వాదనలను వల్లించే నాటకం అన్నాడు. కార్ల్‌సన్ ఎదురుతిరిగాడు: మీరు అధ్యక్ష అభ్యర్థి జాన్ కెరీని ఇంటర్వ్యూ చేసినప్పుడు మెత్తటి ప్రశ్నలే అడిగారు కదా? నా కార్యక్రమానికి ముందు తోలుబొమ్మలు ఆకతాయి ఫోన్లు చేసే కార్యక్రమం వస్తుంది, నన్ను మీతో పోలుస్తారా అని స్టువర్ట్ జవాబిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. మూడు నెలల్లో సీఎన్ఎన్ ఆ కార్యక్రమాన్ని ఎత్తేసింది. స్టువర్ట్ విమర్శతో తాను ఏకీభవిస్తున్నానని ఛానెల్ అధిపతి జోనథన్ క్లైన్ చెప్పారు. వ్యంగ్యకారుడి మాటకు ఒక వార్తాఛానెల్ అంతగా తలవంచిన సందర్భం నాకు ఇంకొకటి కనిపించదు.

అయినా ఆ తోలుబొమ్మల జవాబు దగ్గర నేను ఆగిపోతాను. లక్షలాది యువతీ యువకులు తన కార్యక్రమం నుంచే రాజకీయాలు తెలుసుకుంటున్నారని స్టువర్ట్‌కు తెలుసు. విమర్శించేటప్పుడు పౌరుడిగా, విమర్శ ఎదురైనప్పుడు హాస్యగాడిగా మాట్లాడటం సులువైన తప్పుకోలు. ‘నేను హాస్యగాణ్ణి, నన్ను అంత సీరియస్‌గా తీసుకోకండి’ అన్న ఆ మాట తర్వాత ఎవరి చేతికి వెళ్లిందో చూడండి.

2018 డిసెంబరులో, అప్పటికి ఫాక్స్‌లో పెద్ద తార అయిన అదే టకర్ కార్ల్‌సన్, ఒక మహిళ ట్రంప్ దగ్గర బెదిరించి డబ్బు గుంజిందన్నట్టు మాట్లాడాడు. ఆవిడ పరువునష్టం దావా వేసింది. 2020 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి మేరీ కే విస్కోసిల్ ఆ దావా కొట్టేశారు. కార్ల్‌సన్ కార్యక్రమం స్వభావం తెలిసిన ఏ వివేకవంతుడైన ప్రేక్షకుడైనా ఆ మాటలను అక్షరాలా వాస్తవమని తీసుకోడు, అది అతిశయోక్తి అని అర్థం చేసుకుంటాడు అని తీర్పు సారాంశం. ఈ వాదనను కోర్టు ముందు పెట్టింది ఫాక్స్ లాయర్లే. రాత్రి ఎనిమిదింటికి దేశానికి నిజం చెబుతున్నానంటూ కూర్చునే మనిషి తరఫున, పగలు కోర్టులో, ఆయన మాటలను ఎవరూ అక్షరాలా నమ్మరండీ అని వాదించారు. అంతకుముందు 2017లో టెక్సస్‌లో అలెక్స్ జోన్స్ అనే కుట్ర కథల ప్రసారకర్త పిల్లల కస్టడీ కేసులో ఆయన లాయరు, నా క్లయింటు వేషం కట్టే కళాకారుడు అని చెప్పుకొచ్చాడు. శాండీహుక్ బడిలో చిన్నపిల్లల హత్యలు జరగనే లేదని ప్రసారం చేసిన మనిషి ఆయన. ఆ పిల్లల తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఏం అనుభవించారో కోర్టులో చెప్పాక 2022లో కనెటికట్ జ్యూరీ ఆయన మీద వేసిన నష్టపరిహారం 96 కోట్ల 50 లక్షల డాలర్లు. వేషం అనే మాట ఆయన్ని అక్కడ కాపాడలేకపోయింది.

ఇదే సమయంలో ఎడమ పక్షం నుంచి కూడా ఒక కేసు నడిచింది, దాన్ని వదిలేస్తే అన్యాయం. 2019లో ఎంఎస్ఎన్‌బీసీ వ్యాఖ్యాత రేచెల్ మ్యాడో, వన్ అమెరికా న్యూస్ అనే ఛానెల్‌ది అక్షరాలా డబ్బు తీసుకుని చేసే రష్యా ప్రచారమన్నట్టు మాట్లాడింది. దావా పడింది, కొట్టేశారు, 2021లో అప్పీలు కోర్టూ సమర్థించింది. ఇదీ అతిశయోక్తి అనే అన్నారు. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు ఒక తేడా కనిపిస్తుంది. మ్యాడో ముందుగా ఆ ఛానెల్ విలేఖరి ఒకరు రష్యా ప్రభుత్వ వార్తాసంస్థ స్పుత్నిక్‌కు కూడా పనిచేస్తున్నాడన్న వార్తను వివరంగా చెప్పి, దాని మీద ఆ మాట అంది. ప్రేక్షకుడి చేతిలో ఆధారం ఉంది, ఆ మాట దాన్ని మించిపోయిందని తనే తేల్చుకోగలడు. అయినా ‘అక్షరాలా’ అన్న మాట వాడటం ఆవిడ తప్పేనని నేను అంటాను. అతిశయోక్తికి అక్షరసత్యమనే ముద్ర వేస్తే వినేవాడికి దారి మూసుకుపోతుంది.

చట్టం ఈ స్వేచ్ఛను ఊరికే ఇవ్వలేదు. 1988లో హస్లర్ పత్రిక, మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ మధ్య కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: ప్రజాజీవితంలో ఉన్నవారి మీద వచ్చిన పేరడీ ఎంత నీచంగా ఉన్నా, అది వాస్తవమని ఎవరూ నమ్మలేనిదైతే, మనసు నొచ్చుకుందన్న కారణంతో శిక్షించకూడదు. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రెహ్న్‌క్విస్ట్ స్వయంగా మితవాది. రాజకీయ కార్టూన్ చరిత్రంతా తిరగేసి, ఆ కార్టూన్లు లేకపోతే ప్రజల చర్చ ఎంత పేదదయ్యేదో రాశాడు. ఆ పేరడీ ప్రకటన అడుగున, ఇది పేరడీ, నిజమనుకోవద్దు అన్న చిన్న అక్షరాలున్నాయి. 2022లో ఒహాయోలోని పార్మా పోలీసుల పేరడీ పేజీ పెట్టినందుకు అరెస్టయిన ఒకాయన కేసులో ‘ది ఆనియన్’ అనే వ్యంగ్య పత్రిక సుప్రీంకోర్టుకు ఒక నివేదన ఇచ్చింది. పేరడీ మీద ముందే చీటీ అంటించమంటే పేరడీ చచ్చిపోతుందని, క్షణకాలం మోసపోయి తేరుకోవడంలోనే దాని ప్రాణం ఉందని వాదించింది. కోర్టు ఆ కేసు వినలేదు. ఆనియన్ వాదనతో నేను ఏకీభవిస్తాను, ఒక షరతుతో: ఆ తేరుకోవడం రచనలోనే సాధ్యమవ్వాలి. ఆనియన్ 2012లో ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్‌ను ప్రపంచంలోకెల్లా ఆకర్షణీయమైన మగవాడిగా ప్రకటిస్తే చైనా అధికార పత్రిక పీపుల్స్ డైలీ వెబ్‌సైట్ నిజమనుకుని యాభైకి పైగా ఫొటోలతో ప్రచురించింది. ఆ తప్పు ఆనియన్‌ది కాదు. చదివితే చాలు తేరుకునేలా రాసిందది.

మరి ఈ వ్యంగ్యం పనిచేస్తుందా? పరిశోధనలు ఒకే మాట చెప్పవు. 2006లో బామ్‌గార్ట్‌నర్, మోరిస్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో చేసిన అధ్యయనంలో డైలీ షో చూసినవాళ్లకు ఎన్నికల వ్యవస్థ మీద, వార్తా మాధ్యమాల మీద నమ్మకం తగ్గింది. అదే సమయంలో రాజకీయాలు తమకు బాగా అర్థమవుతాయన్న ధీమా పెరిగింది. ఈ కలయిక నన్ను కలవరపెడుతుంది. 2009లో ఒహాయో స్టేట్ పరిశోధకులు మూడువందల మందికి పైగా స్టీఫెన్ కోల్బేర్ కార్యక్రమాన్ని చూపించారు. కోల్బేర్ పార్టీ ఛానెల్ వ్యాఖ్యాత వేషం కట్టి, వాళ్లలాగే గర్జిస్తూ వాళ్లను ఎండగట్టేవాడు. అందరూ నవ్వారు. కానీ ఉదారవాదులు అది వేషమన్నారు. మితవాదులేమో, జోకు పేరుతో తాను నిజంగా నమ్మేదే చెబుతున్నాడని అనుకోవడానికి ఎక్కువ మొగ్గారు. వేషం ఎంత బాగా కుదిరితే అంతగా ఎవరి అద్దంలో వాళ్లు చూసుకున్నారన్నమాట.

ఇందుకు ఎదురుగా ఒక ఫలితం ఉంది, నాకు అది ఎంతో ఆశనిచ్చింది. ఎన్నికల్లో లెక్కలేని డబ్బు కుమ్మరించే ‘సూపర్ ప్యాక్’ల గుట్టు చూపడానికి కోల్బేర్ 2011లో తనే ఒకటి రిజిస్టరు చేయించాడు. ఎన్నికల సంఘం మాజీ అధ్యక్షుడు ట్రెవర్ పాటర్‌ను లాయరుగా పెట్టుకుని, ప్రతి దరఖాస్తునూ, ప్రతి లొసుగునూ ప్రేక్షకుల ఎదుట పూర్తి చేశాడు. నిజంగానే పది లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. 2014లో యానెన్‌బర్గ్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ ఎన్నికల నిధుల చట్టం గురించి కోల్బేర్ ప్రేక్షకులకు అబ్బిన జ్ఞానం, కేబుల్ వార్తలూ పత్రికలూ చూసినవాళ్లకు అబ్బినదానికంటే ఎక్కువ. ఒకే మనిషి, ఒకే వేషం. ఉత్త గర్జన చూపించినప్పుడు ఎవరికి తోచింది వాళ్లు తీసుకున్నారు. దరఖాస్తు కాగితం చూపించినప్పుడు నేర్చుకున్నారు. నా కొలబద్దకు దీన్ని మించిన సాక్ష్యం నేనెక్కడా చూడలేదు.

వ్యంగ్యం ఎప్పుడూ ఉదారవాదుల సొత్తేనా అన్న ప్రశ్న వస్తుంది. డానగల్ యంగ్ అనే పండితురాలు 2020లో తన పుస్తకంలో, వ్యంగ్యమూ ఆగ్రహ ప్రసంగమూ ఒకే అవసరానికి రెండు పక్షాలు ఇచ్చుకున్న రెండు జవాబులని వాదించింది. అందులో కొంత నిజం ఉంది. కానీ 2016 నుంచి వస్తున్న ‘బాబిలన్ బీ’ క్రైస్తవ మితవాద వ్యంగ్య పత్రిక. 2018లో అది, సీఎన్ఎన్ వార్తలను తిప్పడానికి పెద్ద వాషింగ్ మెషీన్ కొన్నదని రాసింది. స్నోప్స్ అనే నిజనిర్ధారణ సంస్థ అది అబద్ధమని గంభీరంగా తేల్చింది, ఫేస్‌బుక్ ఆ పత్రికకు హెచ్చరిక పంపి తర్వాత పొరపాటైందని ఒప్పుకుంది. వాషింగ్ మెషీన్ జోకు చదివి మోసపోయేవారెవరూ ఉండరు. నచ్చని పక్షం నుంచి వచ్చిందని వ్యంగ్యాన్ని వ్యంగ్యంగా గుర్తించకపోవడం కూడా పక్షపాతమే. సీఎన్ఎన్ మీద వచ్చే మంచి జోకును నవ్వుతూ ఒప్పుకోలేనివాడికి ఫాక్స్ మీద నవ్వే హక్కు నైతికంగా తక్కువే.

ఆఖరికి ఫాక్స్‌ను గట్టిగా దెబ్బతీసింది హాస్యగాళ్లు కాదు. 2020 ఎన్నికల్లో తమ ఓటింగ్ యంత్రాలు ఫలితాన్ని తారుమారు చేశాయని ప్రసారం చేసినందుకు డొమీనియన్ కంపెనీ వేసిన దావాలో ఫాక్స్ 2023 ఏప్రిల్ 18న 78 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అంతకు ముందే, డొమీనియన్ గురించి ప్రసారమైన ఆ ఆరోపణల్లో ఏ ఒక్కటీ నిజం కాదన్నది స్పష్టాతిస్పష్టమని డెలవేర్ జడ్జి ఎరిక్ డేవిస్ రాశారు. కోర్టుకు అందిన సందేశాల్లో కార్ల్‌సన్ స్వయంగా, ట్రంప్ తరఫు లాయరు సిడ్నీ పావెల్ అబద్ధమాడుతోందని సహచరులకు రాసినట్టు బయటపడింది. తెర మీద ఒకటి, ఫోన్‌లో ఒకటి. ఆ వారాల్లో రాత్రి హాస్య కార్యక్రమాలు ఆ సందేశాలను చదివి వినిపించాయి. క్రాస్ బతికి ఉంటే చేసేదీ అదే.

మన సంగతికొస్తే, పార్టీ మీడియా తెలుగు పాఠకుడికి కొత్త కాదు. వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సభల్లో ‘ఆ రెండు పత్రికలు’ అనేవారు. పేర్లు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యేది. 2008లో సాక్షి వచ్చాక మూడో పేరు కూడా అలాగే అర్థమవుతోంది. ఒకే సభ వార్తను ఇంట్లో రెండు పత్రికల్లో చదివి, రెంటి మధ్యా నిజాన్ని ఊహించుకునే పాఠకులు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్నారు. అది గొప్ప విద్య. కానీ వ్యంగ్యం విషయంలో మన మాధ్యమాలు ఇంకా ఎక్కువగా నాయకుల యాస, నడక, ముఖం దగ్గరే ఆగుతున్నాయి. ఛానెల్ నిన్న ఏమన్నది, ఇవాళ ఏమంటోంది అని పక్కపక్కన పెట్టే పని అరుదు. ఉత్తరాదిలో 2008లో రాహుల్ రౌషన్ మొదలుపెట్టిన ‘ఫేకింగ్ న్యూస్’ టీవీ వార్తల పిచ్చిని పసందుగా వెక్కిరించింది. ఆయనే పదేళ్లకు, తాను మితవాద పక్షమని చెప్పుకునే ‘ఆప్‌ఇండియా’కు సీఈవో అయ్యారు. వ్యంగ్యకారుడు పక్షం తీసుకోవచ్చు. ఆ తర్వాత కూడా తన పక్షం అబద్ధాలను వెక్కిరిస్తాడా అన్నదే నేను చూసే విషయం.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు స్టువర్ట్ క్లిప్పులు వాట్సాప్‌లో పంపితే, హైదరాబాద్ నుంచి మనం మన ఛానెళ్ల మీద వచ్చిన రీల్స్ పంపుతున్నాం. మన రీల్స్‌లో ఒక్కటి నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది: క్లిప్పు మీద తేదీ ఉండదు, ఛానెల్ లోగో కోసేసి ఉంటుంది, వాక్యం మధ్యలో తెగిపోయి ఉంటుంది. మంచి జోకు కూడా అందువల్ల నమ్మదగకుండా పోతోంది. ప్రతిభ ఉన్న యువ హాస్యకారులు ఇవాళ తెలుగులో చాలామంది ఉన్నారు. వాళ్లను నేను అడిగేది ఇదే. లోగో ఉంచండి, తేదీ వేయండి, ఆ యాంకర్ వాక్యాన్ని చివరిదాకా వినిపించండి, ఆ తర్వాత మీ ఇష్టమొచ్చినంత ఆడుకోండి.